కోటీశ్వరుల అపరిగ్రహము

దీపావళి రాత్రి ఘూర్జరదేశపు జైన వర్తకుడు క్రొత్త చిట్టా ఆవర్జాలను పీటపై నుంచి పూజించునపుడు, తొలిపుటపై కుంకుమతో స్వస్తికము దీర్చి, 'శ్రీ' యను అక్షరమును పైవరుస నొకటి, దాని క్రింద రెండు, ఆ క్రింద మూడు చొప్పున శిఖరాకృతిగా వ్రాసి, పిమ్మట గౌతమస్వామి లబ్ధియు, బాహుబలి బలమును, అభయకుమారుని బుద్ధియు, కయవన్న శ్రేష్ఠి సౌభాగ్యమును, శాలిభద్రుని ఐశ్వర్యమును తన యింట వర్ధిల్లవలెనని కోరికొనుచు ఆ పేళ్లను వరుసగా లిఖించును. ఇతరులకు దీపావళి లక్ష్మీపూజా దినము. జైనులకో, వర్ధమాన మహావీరుడు పావాపురియందు నిర్వాణము నొందిన రాత్రియు నదియే. కట్టుబట్టను సైతము విడిచి పండ్రెండేండ్లకు పైగా తపించిన మహాపురుషుని ముక్తిదినమున ఆయన యనుయాయి కోరికొనునది శాలిభద్రుని సంపద!

శాలిభద్రుని కథ తెలియనివారికి ఈ కోరికలోని విచిత్రము బోధపడదు. రాజగృహమున గోభద్రుడను శ్రేష్ఠికిని భద్రాదేవికిని జన్మించిన యీతడు ముప్పదియిద్దరు భార్యలతో మేడపై నుండుటయే గాని క్రిందికి దిగి యెరుగడు. ఒకప్పుడు దూరదేశపు వర్తకులు పదునారు రత్నకంబళములను తేగా, వాని వెల విని మగధేశ్వరుడైన శ్రేణికుడే వెనుదీసెను. భద్ర వాని నన్నిటిని కొని, కోడండ్రు ముప్పదియిద్దరగుటచే ఒక్కొక్కదానిని రెండు తునుకలు చేయించి పంచిపెట్టెను. వారు వానితో కాళ్లు తుడిచికొని మరునాడు పారవైచిరి. ఈ వింత విని రాజే స్వయముగా ఆ యిల్లు చూడవచ్చెను. శ్రేణికుడు వచ్చినాడు, క్రిందికి రమ్మని తల్లి పిలిచినపుడు, శ్రేణికమనగా ఏదో క్రొత్త సరకనుకొని, నన్నడుగనేల, ధర యిచ్చి కొట్టున వేయింపుమని కొడుకు బదులు పలికెనట. సరకు కాదు నాయనా, మన ప్రభువు అని తల్లి చెప్పగా, తనకును పైన నొక ప్రభువు కలడా యని యతని మనస్సు చివుక్కుమనెను. ఇంతటి ధనరాశియు పరాధీనతను తొలగింపజాలకపోయెనే యను నా చింతయే విరక్తికి బీజమై, కాలక్రమమున అతడు సమస్తమును వదలి మహావీరుని సన్నిధిని దీక్ష వహించెను. ఆ విధముగా సంపదను దులుపుకొని పోయినవాని పేరు సంపద కలుగవలెనను కోరికకు సంకేతమై లెక్కల పుస్తకము తొలిపుట నెక్కినది. వ్రాయువాడు కథ నెరుగనివాడు కాడు. చిన్ననాటినుండి మునుల వ్యాఖ్యానములలో దానిని వినుచునే యున్నాడు.

2011 నాటి జనగణనలో జైనుల సంఖ్య దాదాపు 44.5 లక్షలు మాత్రమే. ఇంత చిన్న సమాజమునకు వాణిజ్యమున గల స్థానము సంఖ్యతో పొందని దని యెల్లరకును తెలిసినదే. పరిగ్రహ త్యాగమును పంచ మహావ్రతములలో నొకటిగా నిలిపిన మతము, పరిగ్రహమే వృత్తిగా గల జనులకు ఇన్ని శతాబ్దములు ఆశ్రయమై యుండుట యెట్లు? ఈ ప్రశ్నకు సామాన్యముగా వినవచ్చు సమాధానములు రెండు. ఇదంతయు కపటమని యొకటి; అది సమాధానము కాదు, తిట్టు. రెండవది కొంత పాండిత్యము గలది: నాగలి నేలను చీల్చినపుడు పురుగు చచ్చును గనుక అహింసాపరుడు కృషి మానవలసివచ్చెననియు, మిగిలిన మార్గము వర్తక మొక్కటే యయ్యె ననియు మాక్స్ వేబర్ మొదలుగా పలువురు చెప్పిరి. వినుటకు సొంపుగనే యున్నది గాని, కొల్లాపురము, బెళగావి ప్రాంతములయందు నేటికిని పొలము దున్నుకొని బ్రతుకు దిగంబర జైనులును, తమిళనాట తరతరములుగా వ్యవసాయమే జీవనముగా గల జైనులును ఈ వాదమునకు లొంగరు. అంతకన్న ముఖ్యముగా, జైనాగమములు ఆదర్శ గృహస్థుడని కొనియాడిన ఆనందుడే యైదువందల నాగళ్ల కామందు.

ఈ యానందుని చరిత్ర ద్వాదశాంగములలో నేడవదియగు ఉపాసకదశలలో మొట్టమొదటి కథ. వాణిజ్యగ్రామ నివాసియగు నీతనికి నాలుగు కోట్ల బంగారము పాతరలో నుండెను. నాలుగు కోట్లు వడ్డీకి తిరుగుచుండెను. నాలుగు కోట్లు ఇంటి సరంజామాగా నుండెను. మందకు పదివేల చొప్పున నాలుగు ఆలమందలు, దూరయానమునకు ఐదువందలును, ఇంటి పనులకు ఐదువందలును బండ్లు, ఓడలు. మహావీరుని యుపదేశము విని యితడు గృహస్థ ధర్మమును స్వీకరించునపుడు చేసిన ప్రతిజ్ఞ చదివినచో మొదట నవ్వు వచ్చును. పండ్రెండు కోట్లలో నొక్క కాసైనను వదలుకొనునని అందులేదు. ఉన్నదానికి మించి యికపై నొల్లనని మాత్రమే యున్నది. ఆ పిమ్మట నొక్కొక్క వస్తువునకు గిరి గీచికొనుచు పోయినాడు: పండ్లు తోముటకు పచ్చి యష్టిమధువు పుల్ల తప్ప వేరొకటి వలదు, స్నానమునకు ఎనిమిది కడవల నీటికి మించరాదు, వస్త్రము ఒక్క జత, ఆభరణములలో కుండలములును, పేరు చెక్కిన యుంగరమును, త్రాగుటకు వాననీరు, నేయి శరత్కాలపు ఆవునేయి. పలుదోముపుల్ల దాక దిగిన ఈ పట్టికను చూచినపుడు, దుకాణములో సరకు జాబితా వ్రాయు చేతివాటమే వ్రతమును గూడ వ్రాసినట్లు తోచును.

ఉన్నది యున్నట్లే యుంచుకొని, ఇక చాలునన్నవానిని అపరిగ్రహి యందుమా? నాకు తోచిన సమాధానము ఇది. వర్తకుని ధనము చెరువులో నీరువలె కదలక యుండునది కాదు. వడ్డీకిచ్చిన నాలుగు కోట్లు మరునాటినుండియే పెరుగును, ఆవులు ఈనును, ఓడలు లాభముతో తిరిగివచ్చును. పండ్రెండు కోట్లకు మించనని మాట యిచ్చిన మరుక్షణమునుండి వచ్చిపడు ప్రతి లాభమునకును ఇల్లు లేకపోయెను. దానము చేయుమని యెవ్వరును ఆనందుని నిర్బంధింప నక్కరలేదు. మిగులు ఎటులైనను వెలికి పోవలసినదే. ఉన్నదానిలో కొంత తీసి యిచ్చువానికి, ఇచ్చుచున్నానను భావము కలుగును, ఆ భావము వెంట గర్వము నడచివచ్చును. మిగులు తనది కాదని ముందే నిర్ణయించుకొన్నవానికి ఆ యవకాశము తక్కువ. ఇది వ్యాఖ్యాతల మాట కాదు, నా యూహ. కాని వ్రతము పేరే పరిగ్రహ పరిమాణమగుట దీనికి కొంత బలము నిచ్చుచున్నది.

తత్త్వశాస్త్రమున దీనికి మూలము ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమునందు కానవచ్చును. పరిగ్రహమనగా వస్తువు చేత నుండుట కాదనియు, మూర్ఛయే, అనగా వస్తువునందు మైమరచిన మమకారమే పరిగ్రహమనియు ఆయన నిర్వచించెను. దీనిని శ్వేతాంబర దిగంబరు లిరువురును అంగీకరింతురు. అంగీకరించి, దీనిపైననే కలహింతురు. మునికి గుడ్డపేలిక యైన నుండరాదు, ఉన్నచో అది మూర్ఛకు చిహ్నమే యని దిగంబరుల వాదము. మూర్ఛ లేనప్పుడు వస్త్రము ధర్మసాధనమే గాని పరిగ్రహము కాదని శ్వేతాంబరుల ప్రత్యుత్తరము. వస్త్రవిషయమున నెవరి పక్షము సత్యమో నిర్ణయింప నేనెవ్వడను? కాని ఒక ప్రమాదమును మాత్రము గుర్తింపవలెను. మునికి బట్టను అనుమతించిన తర్కమునే కొంచెము సడలించి లాగినచో అది కోటీశ్వరునికి కోట్లను గూడ అనుమతించును. నాకు దీనియందు మమకారము లేదని చెప్పుకొనుటకు అడ్డమేమి? హృదయమును తూచు త్రాసు ఏ అంగడిలోను దొరకదు. సంఖ్య వలన ప్రయోజన మిక్కడనే. ఆనందుని పండ్రెండు కోట్లు మూర్ఛకు ప్రతినిధి కాకపోవచ్చును గాని, మూర్ఛ లేదను బొంకుకు అది కళ్లెము.

ఆచార్యులును ఈ వర్తకులను బాగుగా నెరిగినవారే. చౌళుక్య చక్రవర్తి కుమారపాలునకు గురువైన హేమచంద్రుడు, తానును మోఢ వణిక్కులమున పుట్టినవాడు, యోగశాస్త్రమున పరిగ్రహ పరిమాణమునకు గల అతిచారములను, అనగా వ్రతము మీరు దోషములను, చెప్పుచు ఐదు ఉపాయములను బయటపెట్టినాడు. పరిమితి నిండినదని, రావలసిన ధాన్యమును బయానా మాటతో ఎదుటివాని గాదెలోనే కట్టిపెట్టించి గడువు తీరిన పిదప తెచ్చుకొనుట యొకటి. గిన్నెల సంఖ్య మించిపోవుచున్నదని రెండు గిన్నెలను కరగించి యొకటిగా పోతపోయించుట రెండవది. పశువుల లెక్కలో కడుపులోని దూడను చేర్చక యీతకాలమును జరుపుట మూడవది. ప్రక్క పొలమును కొని నడుమ గట్టు తీసివేయించి రెండును కలిసి ఒకటే పొలమనుట నాలుగవది. మించిన వెండి బంగారములను వ్రతము ముగియుదాక మరియొకని కిచ్చి యుంచుట ఐదవది. ఎనిమిదివందల యేండ్ల క్రిందటి ఈ పట్టికను ఆదాయపు పన్ను శాఖలో పనిచేయు నా మిత్రునికి చదివి వినిపింపగా, అతడు నవ్వి, బినామీ యను మాట యొక్కటి తక్కువ, తక్కినదంతయు మా కార్యాలయమే యనెను.

వ్రతములలో వర్తకుని వెన్నంటి వచ్చునది ఇది యొక్కటియే కాదు. అస్తేయ వ్రతము క్రింద దొంగసొమ్ము కొనుటయు, కొలతలు తూనికలు మార్చుటయు, మంచి సరకులో దానిని పోలిన నాసిసరకు కలుపుటయు, శత్రురాజ్యముతో నిషేధింపబడిన వ్యాపారము నడపుటయు దోషములే. ఇవిగాక కర్మాదానములని పదునైదు వృత్తులు గృహస్థునకు నిషిద్ధములు: బొగ్గు కాల్చుట, అడవులు నరకుట, దంతము, లక్క, విషము, కేశములు గల ప్రాణులు, అనగా బానిసలును పశువులును, వీని యమ్మకము, గానుగలాడించుట, చెరువుల నెండించుట, కార్చిచ్చు పెట్టుట ఇత్యాదులు. రత్నములు, బట్టలు, ద్రవ్యపు మారకము ఈ జల్లెడనుండి క్షేమముగా జారి బయటపడు వ్యాపారములు. ఘూర్జర మారువాడముల జైనులు వానియందు విశేషముగా పేరుపొందుటకు ఇదియు నొక కారణమై యుండవచ్చును. అయినను పట్టిక పట్టికయే. నాగళ్లున్న యానందుని మొదలుకొని, నిషిద్ధములలో పెక్కింటిని ఏదో యొక విధముగా అమ్మిన తరువాతి తరములవరకు, ఆచరణ యెన్నడును శాస్త్రముతో పూర్తిగా సరిపోలలేదు.

ఈ జైన వర్తక సమాజముల పుట్టుకను గూర్చిన కథలు పెక్కు గలవు. జోధపురము చెంత ఇసుక తిన్నెల నడుమనున్న ఓసియా ఓస్వాళ్లకును, నేటి భీన్‌మాల్ అయిన శ్రీమాల నగరము శ్రీమాలులకును జన్మస్థానములు. రత్నప్రభసూరి ఉపదేశముచే ఓసియాలోని క్షత్రియులు కత్తి దించి త్రాసు పట్టిరని వారి వంశగాథలు చెప్పును. గాథ నెంతవరకు నమ్మవచ్చునో యటుండ, ప్రతీహార వత్సరాజు కాలమున, ఎనిమిదవ శతాబ్దిలో వెలసిన మహావీరాలయము మాత్రము అక్కడ నేటికిని నిలిచియున్నది. ప్రాగ్వాట వంశ్యులగు పోర్వాడులలో ముగ్గురు పేరెన్నికగన్నవారు. మొదటి భీమదేవుని దండనాయకుడగు విమలుడు ఆబూ పర్వతముపై 1031 ప్రాంతమున ఆదినాథ మందిరమును కట్టించెను. రెండువందల యేండ్లకు, వాఘేల వీరధవలుని మంత్రులగు వస్తుపాల తేజఃపాల సోదరులలో రెండవవాడు, చిన్నతనముననే గతించిన అన్న లూణిగుని పేర దాని ప్రక్కనే నేమినాథాలయమును వెలయించెను. ఆ పాలరాతి పనిని వర్ణించుటకు పూనుకొన్నవా రందరును వెన్న, నురుగు, మల్లెలు అని యలసిపోయిరి. నేనా పని పెట్టుకొనను. వస్తుపాలుడు నరనారాయణానందమను మహాకావ్యమును రచించిన కవియు ననుట మాత్రము చెప్పదగినది.

దానకథలలో నాకు మిక్కిలి యిష్టమైనది ఆబూ శిఖరముది కాదు, కచ్ఛదేశపు రేవైన భద్రేశ్వరమునది. జగడూ యను శ్రీమాలి వర్తకుడు 1256 మొదలు మూడేండ్లు వరుసగా కరవు వచ్చునని గురువువలన ముందే విని, ధాన్యమును కొని పలుచోట్ల కోష్ఠములలో నింపించెనని సర్వానందసూరి రచించిన జగడూచరితము చెప్పుచున్నది. కరవు ముదిరినపుడు అణహిల్లపట్టణపు రాజు వీసలదేవుడు ఆ కోష్ఠములను వెలకిమ్మని కబురంపగా, ఆ ధాన్యము నాది కాదని జగడూ బదులిచ్చెను. తలుపులు తెరచి చూడగా లోన రాగిరేకులు బయటపడెను. జగడూ ఈ గింజలను బీదలకొరకు సంకల్పించినాడని వానిపై చెక్కబడి యుండెను. కరవు రాకమునుపే, ధర పెరుగకమునుపే సరకు చేయి మారినది. లాభమునకు తావు లేకుండ మూసివేసికొనినది వర్తకుని చేయియే. ఆనందుని పండ్రెండు కోట్ల గిరి వంటిదే యిదియును. అదే కావ్యమున మరియొక ముచ్చట యున్నది: బిచ్చమెత్తుటకు సిగ్గుపడు కులీనులకై, లోపల బంగారు నాణెము దాచిన లడ్డుకములను, లజ్జాపిండములను పేర, రాత్రివేళ పంచిపెట్టించెనట. భద్రేశ్వరమున మసీదు కట్టించినవాడును ఇతడే యని ఆ చరితమే పలుకుచున్నది. కావ్యము గనుక అతిశయోక్తి లేకపోలేదు. కాని ఏ గుణమును అతిశయింపవలెనో ఎన్నుకొనుటలోనే ఆ సమాజపు మనస్సు కొంత తెలియును.

మొగలాయీల కాలమున అహమ్మదాబాదు జవాహిరీ శాంతిదాసు, సూరతు వీరజీ వోరా వంటివారు రాజులకే ఋణమిచ్చు స్థితికి వచ్చిరి. 1725లో మరాఠాలు అహమ్మదాబాదును ముట్టడించినపుడు శాంతిదాసు మనుమడు ఖుశాల్‌చందు తన సొమ్ముతో నగరమును విడిపించెననియు, అందులకు కృతజ్ఞులై పట్టణపు వర్తకులు ముద్ర పడిన సరకుపై నూటికి పావలా వంతున అతని వంశమునకు శాశ్వతముగా నియమించిరనియు చరిత్ర. త్యాగము వంశపారంపర్యపు రాబడిగా మారిన వైనము నిందు గమనింపుడు.

ఈ మహాశ్రేష్ఠుల నడుమ నొక విఫల వర్తకుని గూర్చి నాలుగు మాటలు చెప్పక యుండలేను. బనారసీదాసు 1586లో జౌన్‌పురమున శ్రీమాల కుటుంబమున పుట్టెను. నగలు, నూనె, నేయి, బట్టలు మూటగట్టుకొని ఆగ్రాకు పోయి, కొంత పోగొట్టుకొని, కొంత మోసపోయి, చేత నేమియు మిగులక, సాయంకాలములు పదిమందిని కూర్చుండబెట్టి మధుమాలతి, మృగావతి కథలు చదివి వినిపించుచు, కచోడీలమ్మువాని వద్ద నెలల తరబడి అరువు తినెను. ఇతని సంగతి విని ఆ కచోడీవాడు అరువు మానక యోర్చికొనెను. 1605లో అక్బరు మరణించెనన్న వార్త విన్నప్పుడు మెట్లపైనుండి పడి తల పగులగొట్టుకొన్నాడు. జౌన్‌పురపు వర్తకులు కొట్లు మూసి సొమ్ము పాతిపెట్టిరి. ముగ్గురు భార్యలలో ఇద్దరును, తొమ్మిదిమంది బిడ్డలును అతనికన్న ముందే కాలధర్మము నొందిరి. కుందకుందాచార్యుని సమయసారమునకు హిందీలో నాటకమను పేర పద్యరూప మిచ్చి, ఆగ్రాలో అధ్యాత్మగోష్ఠి నడపిన యీ తాత్త్వికుడు, 1641లో తన యేబదియైదవ యేట వ్రాసిన అర్ధకథానకమను స్వీయచరిత్రలో, పరిగ్రహము తగ్గినకొలది శాంతి పెరుగునని బిడ్డల చావును చెప్పిన చోటనే వ్రాసి, వెంటనే, లోకులు మాత్రము అట్లనుకొనరు, కలిగినది లాభము, పోయినది దుఃఖమందురు అను భావమును జతచేసెను. తన దోషములను పేర్కొనుచోట లోభమును దాచలేదు. ధనము వచ్చిన పొంగుదు ననియు, పోయిన క్రుంగుదు ననియు నొప్పుకొనెను. ఉమాస్వాతి చెప్పిన మూర్ఛకు అనుభవరూపమైన వ్యాఖ్య కావలెనన్నచో, ఆలయములు కట్టిన వారికన్న ఆలయము కట్టలేకపోయిన ఇతని వద్దకే నేను పోదును.

ఇక దానము సంగతి. జైన గృహస్థుడు ధనమును విత్తవలసిన క్షేత్రములు ఏడు: ప్రతిమలు, మందిరములు, ఆగమ గ్రంథములు, సాధువులు, సాధ్వులు, శ్రావకులు, శ్రావికలు. జైసల్మేరు, పాటణములలోని జ్ఞానభండారములు నేటికిని తాళపత్రములను కాపాడుచున్నవన్నచో ఆ ఏడింటిలో మూడవ క్షేత్రము చలవయే. సంస్కృత ప్రాకృత వాఙ్మయమున అజైన గ్రంథములు సైతము కొన్ని అక్కడనే బ్రతికినవి. శ్వేతాంబర మందిరములలో తొలి యభిషేకమునకు, హారతికి హక్కును వేలము వేయుదురు. పూర్వము ఆ పాట రూపాయలలో గాక ఇన్ని మణుగుల నేయి యని నడచెడిది. పాడినవాని సొమ్ము దేవద్రవ్యమై బింబమునకును మందిరమునకును తప్ప మరి దేనికిని పనికిరాకుండ బిగింపబడును. వదలిన ధనముపై మరల చేయి వేయరాదను నియమము మెచ్చదగినది. కాని పాట పాడినవాని పేరు సభలో మ్రోగును, పాలరాతిపై చెక్కబడును. ఆబూలో విమలుని గుడి యెదుట హస్తిశాలలో దాత వంశీయులే రాతి యేనుగులపై దేవునివైపు ఊరేగుచుందురు. సొమ్ము వదలినను పేరు వదలనిచో, మూర్ఛ యొక వస్తువునుండి మరియొక వస్తువునకు ఇల్లు మారినట్లే గదా.

ఇంతకన్న చేదైన సంగతి వేరొకటి కలదు. 1875 మే నెలలో పూనా జిల్లా సూపా సంతలో మొదలై పరిసర గ్రామములకు ప్రాకిన రైతుల తిరుగుబాటు మారువాడీ, గుజరాతీ షావుకార్లపై సాగినది. ఆ షావుకార్లలో జైనులును ఉండిరి. రైతులు కోరినది వారి ప్రాణములను కాదు, ఋణపత్రములను. చేజిక్కిన పత్రములను కాల్చిరి. తెలుగునాటను మారువాడీ కొట్టనగా కుదువ కొట్టనియే జనుల వాడుక. ఇంట పెండ్లియో జబ్బో వచ్చినపుడు పుస్తెలతాడు వెళ్లిన దుకాణము నెవరును ప్రేమతో తలపరు. మారువాడీలందరును జైనులు కారు, వడ్డీ వ్యాపారమున తెలుగు షావుకార్లు ఎవరికిని తీసిపోలేదు. అయినను, కుంటిగొడ్లకు పింజరాపోలు కట్టించి చీమలకు పిండి చల్లు సమాజము, చక్రవడ్డీ క్రింద నలిగిన సంసారమును హింసాపట్టికలో నెందులకు చేర్చలేదని అడుగు హక్కు ఋణగ్రస్తునికి కలదు. కంటికి కనబడు ప్రాణియందు చూపిన జాగ్రత్త, లెక్కల పుస్తకమునందలి యంకెయందు చూపబడలేదు.

అట్టి జాగ్రత్తను చూపినవారు లేకపోలేదు. బొంబాయిలో ముత్యముల వ్యాపారము చేసిన శ్రీమద్ రాజచంద్రుడు (1867–1901) తెలుగువారికి ప్రియమైన విద్యలో ప్రవీణుడు. శతావధానము చేసి యౌవనముననే పేరుపొంది, అది యాత్మకు అడ్డమని విడిచినవాడు. 1891లో ఇంగ్లండునుండి తిరిగివచ్చిన నాడే గాంధీ యితనిని కలసికొనెను. లక్షల బేరము ముగిసిన మరుక్షణమే ఈ వర్తకుని చేతిలోనికి ధర్మగ్రంథమో, తన యాలోచనలు వ్రాసికొను పుస్తకమో వచ్చెడిదని గాంధీ ఆత్మకథలో సాక్ష్యమిచ్చినాడు. రాజచంద్రుని గూర్చి చెప్పుకొను నొక కథ: ఒక వర్తకుడు నిర్ణీత ధరకు రత్నములిత్తునని పత్రము వ్రాసియిచ్చిన పిదప వెల విపరీతముగా పెరిగెను. పత్రము ప్రకారము నడచినచో ఆ మనిషి ఇల్లు అమ్ముకొనవలసినదే. రాజచంద్రుడు తానే యతని యింటికి పోయి, తాను పాలు త్రాగగలడు గాని రక్తము త్రాగజాలడని, పత్రమును చింపివేసెనట. రైతులు కాల్చిన పత్రమును ఇతడు తన చేతులతో చింపెను. చట్టమిచ్చిన లాభమునకు సైతము పరిమితి యున్నదని తెలియుట యిది. గుడికిచ్చిన లక్షకన్న ఇది నాకు గొప్పగా తోచుచున్నది.

దానవిషయమున అందరికన్న నిష్ఠురముగా మాటలాడినవాడు మారువాడములో ఓస్వాల కుటుంబమున పుట్టిన ఆచార్య భిక్షువు. 1760లో ఇతడు స్థాపించిన తేరాపంథము విగ్రహము నెరుగదు, మందిరము నెరుగదు. లౌకిక దానము లోకవ్యవహారమునకు చెందినదే గాని మోక్షమార్గమునకు చెందినది కాదని యతడు రెంటిని విడదీసి చెప్పగా, దయాహీనుడని సాటి జైనులే నిందించిరి. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ఆత్మకు మేలు చేయదను మాట నాకును మ్రింగుడుపడదు. అయినను, ఇచ్చినందున నేను శుద్ధుడనైతినని కోటీశ్వరుడు తలపోయుటకు వీలులేకుండ తలుపు మూసినందులకు భిక్షువునకు నమస్కరింపవలసియున్నది.

మన తెలుగుదేశమున జైనుల చరిత్ర వేరు దారి పట్టినది. వేములవాడ చాళుక్యుల కాలమున పంపకవి తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల గుట్టపై కందపద్యములు చెక్కించిన నాడు ఇక్కడ జైనమునకు రాజుల యాదరమును, కవుల యండయు నుండెను; తరువాత ఆ శ్రావక సంఘము మాసిపోయినది. నేడు కొలనుపాకలో మాణిక్యస్వామిని, భీమవరము చెంత పెదమీరములో విమలనాథుని సేవించువారిలో పెక్కురు మారువాడమునుండియు ఘూర్జరమునుండియు వర్తకమునకై వచ్చి స్థిరపడిన కుటుంబములవారు. కొలనుపాకకు పోవు తెలుగు యాత్రికులు గోపురమును చూచి, పచ్చరాతి మహావీరుని చూచి మరలుదురు. ఆ మందిరమును నిలిపిన వర్తకులు ఎట్టి వ్రతమునకు బద్ధులో అడిగి తెలిసికొనుట ఆచారము లేదు.

భిక్షువు పీఠమున తొమ్మిదవవాడగు ఆచార్య తులసి 1949లో రాజస్థానమందలి సర్దార్‌శహరమున అణువ్రతోద్యమమును ప్రారంభించి, జైనులు కానివారికిని అందు ప్రవేశమిచ్చెను. యుద్ధానంతరపు కొరత, చీకటి బజారు రాజ్యమేలుచున్న దినములవి. వర్తకునకు అందు విధించిన నియమములు తూనిక కొలతలలో మోసము చేయకుండుట, సరకున కల్తీ కలుపకుండుట, దొంగ వ్యాపారము చేయకుండుట మొదలైనవి. ఉపాసకదశలలో ఆనందునకు చెప్పిన అతిచారములను ప్రక్కన పెట్టి చదివినచో వీనిలో క్రొత్తది దాదాపు లేదు. జైన వణిక్సమాజపు వారసత్వమని మనకు చూపబడునవి పాలరాతి కప్పులు, తాళపత్ర భండారములు, నగరశ్రేష్ఠుల పట్టాలు. వానిలో దేనిని తగ్గించి చెప్పుట నా యభిమతము కాదు. కాని ఎన్నుకొనుమన్నచో నేను ఆనందుని పట్టికకే ప్రథమ స్థానమిత్తును. దానిని తెలుగులోనికి తెచ్చి, జైనులకే గాక, గల్లాపెట్టె ముందు కూర్చుండు మన వర్తకులందరికిని అందింపవలసినదిగా ప్రాకృతము నేర్చిన పండితులను వేడుచున్నాను.